తొమ్మిదా, పన్నెండా?

రామేశ్వరం వెళ్లే మనవాళ్లు అగ్నితీర్థంలో మునిగి, గుళ్లో 22 తీర్థాల నీళ్లు తలమీద పోయించుకుని, ధనుష్కోటి చూసి వచ్చేస్తారు. అదే ద్వీపంలో గాలి లేచిన రోజున ఒడ్డు వెంబడి నడిస్తే ఇంకో దృశ్యం కనిపిస్తుంది. నడుముకు హార్నెస్, కాళ్ల కింద బోర్డు, 20 మీటర్లకు పైబడిన తాళ్ల చివర పెద్ద గాలిపటం. అది లాగుతుంటే మనుషులు నీళ్లమీద జారిపోతుంటారు. ఈ కైట్‌బోర్డింగ్‌లో అందరూ గంతులు చూసి అబ్బురపడతారు. నాకు మాత్రం అంతకుముందు ఇసుకలో జరిగే పనే అసలు విద్య అనిపిస్తుంది. సంచులు ముందు పెట్టుకుని, గాలికి ఎదురు నిలబడి, ఇవాళ తొమ్మిదా పన్నెండా అని తేల్చుకోవడం.

ఆ అంకెలు కైట్ వైశాల్యం, చదరపు మీటర్లలో. ఒక్క కైట్‌తో అన్ని రోజులూ నెగ్గుకురాలేం. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. 12 నాట్ల గాలిలో, అంటే గంటకు 22 కిలోమీటర్ల వేగంలో, హాయిగా నడిపించిన కైటే 24 నాట్లలో మనిషిని ఈడ్చుకుపోతుంది. అందుకే చాలామంది 12, 9, 7 అంటూ రెండు మూడు సైజులు దగ్గర పెట్టుకుంటారు.

ఒడ్డున నోటిలెక్క ఒకటుంది. మనిషి బరువును కిలోల్లో తీసుకుని, నాట్లలో ఉన్న గాలి వేగంతో భాగించి, 2.2తో హెచ్చవేస్తారు. 75 కిలోల మనిషికి 15 నాట్లలో 11 చదరపు మీటర్లు వస్తుంది, 20 నాట్లలో 8 పైచిలుకు. అదే 15 నాట్లకు 55 కిలోల మనిషికి 8 చాలు. కాబట్టి పక్కవాడి కైట్ చూసి మనది ఎంచుకునే ముందు పక్కవాడి బరువు చూడాలి.

ఇక్కడ గడుసు పాఠకులకు అనుమానం రావాలి. బలం వర్గాల లెక్కన పెరిగేటప్పుడు సైజు అంత నెమ్మదిగా తగ్గితే ఎలా? చేతిలోని బార్ దూరంగా జరిపితే కైట్ గాలికి వాలు మార్చుకుని కొంత లాగుడు వదిలేస్తుంది. ఈ వెసులుబాటు మొదటినుంచీ ఇంతగా లేదు. ఫ్రాన్స్‌కు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపే గొట్టాల కైట్‌కు పేటెంటు తీసుకున్నారు. నీళ్లలో పడినా తేలి మళ్లీ లేచే కైట్ అది. బార్‌తో లాగుడును బాగా తగ్గించుకోగల బో కైట్లు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఒక్కో సైజు ఎక్కువ గాలులకు పనికొచ్చేది వాటివల్లే.

లెక్క చెప్పనిది విసురు. చెట్లూ ఇళ్లూ దాటి వచ్చే గాలి తెరలు తెరలుగా తగులుతుంది. విశాలమైన నీళ్లమీద నుంచి వచ్చేది నిలకడగా ఉంటుంది. గాలి వేగం కొలిచే మీటరు 14కూ 24కూ మధ్య ఊగుతుంటే సగటు 19 అని సరిపెట్టుకోకూడదు. పై అంకె దగ్గర లాగుడు కింది అంకెకు దాదాపు మూడింతలు. ఆ 24ను చూసే సైజు ఎంచుకోవాలి. పాంబన్ ద్వీపం భాగ్యం ఏమిటంటే ఒక పక్క పాక్ అఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. వేసవిలో నైరుతి గాలి, శీతకాలంలో ఈశాన్య గాలి; ఏది వీచినా దానికి తగిన ఒడ్డు దొరుకుతుంది.

గాలి మందంగా ఉన్నప్పుడు ఇంకా పెద్ద కైట్ కావాలనిపిస్తుంది. అది బరువు, తిరగడం నెమ్మది. పెద్ద కైట్ బదులు వెడల్పాటి బోర్డు తీసుకోవడమే నయమని నా అభిప్రాయం. చిన్న కైట్ చురుగ్గా తిరుగుతుంది, ఎనిమిది అంకెలా తిప్పుతుంటే దాని వేగమే అదనపు లాగుడు పుట్టిస్తుంది. మరీ చిన్నదైతే మాత్రం గాలికి ఎదురెక్కలేం; ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో అది ప్రాణాలమీదికి తెస్తుంది.

మధ్యాహ్నం గాలి ముదిరి, అలలమీద నురగ చిక్కబడుతుంది. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే ఒడ్డుకొస్తారు. పన్నెండులో గాలి తీసి మడతపెట్టి, పంపు అందుకుని తొమ్మిదికి గాలి కొట్టడం మొదలుపెడతారు.