నాకు నచ్చని రికార్డు

"మీకు బాగా నచ్చిన రికార్డు ఏది?" అనడిగితే మనలో చాలామందిమి తడుముకోకుండా చెప్పేస్తాం. "నచ్చనిది ఏది, ఎందుకు?" అంటే మాత్రం నసుగుతాం. ఇవాళ నేను ఆ రెండో ప్రశ్నకి జవాబు చెబుదామనే కూర్చున్నాను.

మా రికార్డు ప్లేయరు అటకెక్కి చాలా యేళ్ళయింది. ఇప్పుడు పాటలన్నీ మనవరాలి సెల్‌ఫోనులోంచే వస్తున్నాయి. అయినా నా ఇష్టాయిష్టాలు మాత్రం ఆ నల్లటి రికార్డుల నాటివే.

నా మొదటి మార్కు యం.యస్. సుబ్బులక్ష్మిగారి 'వేంకటేశ్వర సుప్రభాతా'నికి. 1963లో వచ్చింది. భక్తి సంగతి అలా వుంచండి, నాకు ముందు నచ్చేది ఆ నడక. తొందర లేదు, సాగదీత లేదు. ఒక చెవి పొయ్యి మీది పాల మీద వేసి విన్నా ఒక్క అక్షరం జారిపోదు. ఈమధ్య సుప్రభాతానికి కీబోర్డులూ డ్రమ్ములూ తగిలిస్తున్నారు. స్వామిని మేలుకొలపమంటే ఉలిక్కిపడేలా చేస్తున్నారు, పాపం!

రెండోది 1980 నాటి 'శంకరాభరణం'. కె.వి. మహదేవన్‌గారి సంగీతం. వేటూరి పాటల పక్కనే రామదాసు, సదాశివబ్రహ్మేంద్రుల కీర్తనలూ వున్నాయి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యంగారు వాటికి జాతీయ బహుమతి తెచ్చుకున్నారు. అయినా నాదొక చిన్న ఫిర్యాదు. వరసగా వింటే ఆ పైస్థాయి పాటలు నన్ను అలసటపెడతాయి. సినిమాలో అయితే సోమయాజులుగారి ముఖం చూస్తూ ఆ బరువు తెలియకుండా వింటాం. ఉత్త రికార్డుకి ఆ ముఖం లేదు కదా! కోప్పడకండి, ఇది నా చెవి సంగతి.

ఇక నచ్చనిది. ఘంటసాలగారి 'భగవద్గీత'. అయ్యో అంటున్నారా? కాస్త ఆగండి.

ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు. రికార్డు ఆ తరవాత బయటికొచ్చింది. మా వారు ముచ్చటపడి కొన్నారు. కొన్నాళ్ళు విన్నాం. ఈలోగా శవాన్ని తీసుకెళ్ళే బండి మీద మైకులో అదే పెట్టడం మొదలైంది. వీధి చివర ఆ గొంతు వినిపిస్తే చాలు, "ఎవరు పోయారో!" అని తలుపు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. దాంతో రికార్డు అట్టపెట్టెతో సహా బీరువా అడుక్కి పోయింది.

1986లో మా అత్తగారు మంచాన పడ్డారు. ఓ సాయంత్రం, "అమ్మాయ్, గీత పెట్టవే, విని చాన్నాళ్ళయింది" అన్నారు. నా గుండె ఝల్లుమంది. "ఇప్పుడు అదెందుకత్తయ్యా, శుభమా అని!" అని సుప్రభాతం పెట్టాను. సాయంత్రం పూట సుప్రభాతం! ఆవిడ ఒక్క మాట అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

నెలలోపే వెళ్ళిపోయారు. బండి మీద గీత పెట్టారు. ఆవిడ అడిగినప్పుడు నేను పెట్టని రికార్డు, ఆవిడ వినలేనప్పుడు వీధంతా వినిపించింది.

ఏడాది తిరిగాక, తలుపులు వేసుకుని మొదటినుంచీ విన్నాను. శ్లోకం పాడి, తాత్పర్యం మామూలు తెలుగులో చెబుతారు. సినిమా పాటల్లోని హుషారు లేదు. పక్కన కూర్చుని చెప్పే ఇంటి పెద్దాయన గొంతు అది. సంస్కృతం రాని నాకూ, మా అత్తగారికీ గీతని ఇంత దగ్గరికి తెచ్చినవాళ్ళు మరొకరు లేరు. లోపం లేదనను. ఏడువందల శ్లోకాల్లో కొన్నే ఏరుకోవడం వల్ల అక్కడక్కడ దూకినట్టు వుంటుంది. కానీ అందులో చావుపాట అనదగ్గది ఏమిటి? నావల్ల కాదని విల్లు పారేసి కూలబడ్డవాణ్ణి, లే, నీ పని నువ్వు చెయ్యి అని లేపడమే కదా! సుప్రభాతం దేవుణ్ణి లేపితే, ఇది మనిషిని లేపుతుంది.

అందుకని నా మనవి ఒక్కటే. ఒక రికార్డు నచ్చలేదు అనేముందు, ఆ మాట అంటున్నది చెవా, లేక భయమా అని ఒకసారి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా పెట్టమని అడిగితే, శుభాశుభాల లెక్కలు తరవాత చూసుకోవచ్చు. ముందు పెట్టెయ్యండి.