ఘటసర్పం, అజగరం, అజ్దహా: జహీరాబాద్ సరిహద్దు భాషల్లో ‘డ్రాగన్’ పదార్థ వివేచన

‘డ్రాగన్’ అనే మాటకు తెలుగు అనువాదంలో ప్రసిద్ధమైన సమానార్థకం ‘ఘటసర్పం’. బైబిలు ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో కనిపించే ఏడు తలల, పది కొమ్ముల ఎర్రని మృగానికి తెలుగులో ఈ పేరే స్థిరపడింది. ఈ సమానార్థకత ఎంతవరకు సమంజసమో తేల్చాలంటే తెలుగు నిఘంటువు ఒక్కటే చాలదు. నాలుగు భాషలు ఒరుసుకొనే నేల కావాలి. జహీరాబాద్ అటువంటి నేల. 1956 రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా సర్కిల్ మినహా ఈ తాలూకా బీదర్ జిల్లా నుంచి విడివడి మెదక్ జిల్లాలో చేరింది. నేడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగుతోపాటు కన్నడ, ఉర్దూ, మరాఠీలు ఇక్కడ ఇరుగుపొరుగు భాషలు.

అదే అధ్యాయాన్ని ఈ నాలుగు భాషల్లో చదివితే కన్నడంలో ‘ఘటసర్ప’, మరాఠీలో ‘అజగర్’, ఉర్దూలో ‘అజ్దహా’ ఎదురవుతాయి. తెలుగు, కన్నడాలు ఒక దారిన నడవగా, మరాఠీ ఆ దారి తొక్కలేదు. ఆ భాషలో ‘ఘటసర్ప’ డిఫ్తీరియాకూ, పశువులకు వచ్చే గొంతువాపు వ్యాధికీ పేరు. ఒకే పదం సరిహద్దుకు ఒకవైపు మృగం, మరొకవైపు రోగం.

ఆ సమాసాన్ని విగ్రహిస్తే లభించేది ‘ఘటమందలి సర్పం’. ఇది ప్రాచీన సత్యపరీక్షలకు సంబంధించిన మాట. లోతైన మట్టికుండలో నాగుపామును విడిచి, అందులో ఉంగరమో నాణెమో వేసి, అభియోగానికి గురైన వ్యక్తిని చేయి పెట్టి తీయమనేవారు. పాము కరవకపోతే నిర్దోషి. కాశీ న్యాయాధికారి అలీ ఇబ్రహీం ఖాన్ ఈ పద్ధతిని వర్ణించిన వ్యాసం 1788లో ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ మొదటి సంపుటిలో అచ్చయింది. అక్కడ సర్పం ధర్మనిర్ణయానికి సాధనం. నిర్దోషిని విడిచిపెట్టగలదన్న నమ్మకమే ఆ పరీక్షకు ఆధారం. అనువాదంలో కుండ పోయింది, న్యాయం పోయింది, భయం ఒక్కటే మిగిలింది. సత్యాన్ని తేల్చే పాము పేరు సర్వలోకాన్ని మోసగించే మృగానికి సంక్రమించడం ఈ అర్థవిపరిణామంలోని వైపరీత్యం.

‘అన్యదేశ్యం’గా పరిగణించే ‘అజ్దహా’ చరిత్ర ఇందుకు భిన్నం. ఈ పారశీక పదానికి మూలం అవెస్తాలోని ‘అజి దహాక’. అందులోని ‘అజి’, వైదిక భాషలోని ‘అహి’ సోదర పదాలు. ఋగ్వేదంలో నీటిని నిర్బంధించి ఇంద్రుని చేతిలో హతుడైన వృత్రుడు ‘అహి’యే. వీరుడు మహాసర్పాన్ని సంహరించే ప్రాచీన కథ ఈ ఉర్దూ మాటలో ఇంకా నిలిచి ఉంది. రూపంలో సంస్కృతమైన ‘ఘటసర్పం’ కంటే ‘అజ్దహా’యే డ్రాగన్ భావానికి దగ్గర. పదం పుట్టుకను బట్టి దాని యోగ్యతను నిర్ణయించే అలవాటు ఇక్కడ నిలవదు.

‘నాగం’ ఎందుకు పనికిరాదన్నది మరో ప్రశ్న. ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నన్నయ ఉదంకుని చేత నాగస్తుతి చేయించాడు. నాగుల చవితి నేటికీ పండుగే. పూజ్యార్థం ఇంత బలంగా ఉన్న మాట పాపప్రతీకకు ఒదగదు. ‘అజగరం’ అంటే మేకను మింగేది. శాపవశాన అజగరమైన నహుషుడు ధర్మరాజును ప్రశ్నించి విముక్తుడవుతాడు. భాగవతంలో అజగర రూపుడైన అఘాసురుడు గోపబాలకులను మింగుతాడు. కబళించే గుణం ఈ పదంలో ఉంది; రెక్కలు, నిప్పు లేవు.

చైనా ‘లుంగ్’ విషయంలో ఈ పదాలన్నీ విఫలమవుతాయి. అది వానను అనుగ్రహించేది, చక్రవర్తికి చిహ్నం. నీటిని బంధించిన వృత్రునికి పూర్తిగా ఎదురు. దానిని ‘ఘటసర్పం’ అంటే మంగళప్రతీక శత్రువుగా మారుతుంది. పత్రికలు చైనాను ‘డ్రాగన్ దేశం’ అన్నప్పుడు ఎరువు మాట వెంట పాశ్చాత్య మృగపు క్రౌర్యం కూడా వస్తుంది. ‘డ్రాగన్ ఫ్రూట్’ను 2021లో గుజరాత్ ప్రభుత్వం ‘కమలం’గా మార్చింది. తెలుగు బజారులో మాత్రం పాత పేరే చెల్లుతోంది. అక్కడ ఆ మాటలో భయమూ లేదు, పవిత్రతా లేదు.

కనుక ‘డ్రాగన్’కు ఒకే సమానార్థకాన్ని చూపే నిఘంటు పద్ధతి మారాలి. ‘ఘటసర్పం’ కింద సత్యపరీక్ష, బైబిలు మృగం అనే రెండు అర్థాలను వేరుచేసి, మరాఠీలోని వ్యాధినామాన్ని కూడా సూచించాలి. చైనా సందర్భంలో ‘డ్రాగన్’నే ఉంచి వివరణ ఇవ్వడం మేలు. ‘అజ్దహా’కు తెలంగాణ పదకోశాల్లో చోటు దక్కాలి. సరిహద్దు పలుకుబడిని వదిలేసే నిఘంటువు కోల్పోయేది ఒక మాటను మాత్రమే కాదు, ఆ మాట నడిచి వచ్చిన దారిని కూడా.