కరెంటు పెట్టని రోజు

బెజవాడ కొండల మీద కాపురం ఉండేవాళ్లకి మెట్లు కొత్త కాదు. గ్యాస్ బండ భుజాన వేసుకుని మాట్లాడుతూనే ఎక్కేస్తారు. ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చాకే అసలు చిక్కు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోసుకొచ్చిన మనిషి కిందికి దిగాలంటే మళ్లీ ఆ నలుగురూ పనులు మానుకుని రావాలి. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి రావాలని డిశ్చార్జి కాగితం మీద రాసినవారు క్రీస్తురాజపురం మెట్లు చూసి ఉండరు. అందుకే మా బోటి ఫిజియోథెరపిస్టులం సంచీ పట్టుకుని ఎక్కుతాం.

గుమ్మంలోకి అడుగుపెట్టగానే నేను చూసేది మంచం. నవారు మంచమైతే మనిషి అందులోకి దిగిపోతాడు. ఎంత బలమున్నా లేవడం కష్టం. గట్టి బల్ల మంచం, అదీ మోకాలి ఎత్తుకి ఒక పిసరు ఎక్కువగా ఉంటే సగం పని అయినట్టే. తర్వాత బాత్‌రూమ్ గడప, తడి నేల, నేలబారు మరుగుదొడ్డి. మాకో పరీక్ష ఉంది: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తాం. ఈ ఇళ్లలో 3 మీటర్లు ఖాళీ ఎక్కడిది? మంచం నుంచి స్టవ్ దాకా నడిపించి చూస్తాను. రోగికి రోజూ అవసరమయ్యే దూరం అదేగా.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంట్లోవాళ్ల ప్రేమ. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపుతారు. పక్షవాతం వచ్చిన భుజంలో కండ సడలిపోయి కీలు వదులుగా ఉంటుంది; అలా లాగితే ఆ కీలు కిందికి జారుతుంది, ఇక నెలల తరబడి నొప్పి. చెయ్యి ముట్టుకోకండి, నడుముకి తువ్వాలు కట్టి అది పట్టుకోండి అని చెబుతాను. పాదాలు వెనక్కి జరపాలి, ముక్కు మోకాళ్లు దాటేంతగా ముందుకి వంగాలి, అప్పుడు లేవాలి. ఇదంతా నేర్చుకునేది సాధారణంగా కోడలే. కొడుకు ఫోన్‌లో వీడియో తీస్తాడు.

చూడ్డానికొచ్చిన చుట్టాలు మాత్రం "పాపం, కదిలించకండి, పడుకోనివ్వండి" అని వెళ్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్లలో కండ కిలో దాకా తగ్గిందని 2007లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. వాళ్లకి ఏ జబ్బూ లేదు!

ఇక పెద్దావిడ ప్రశ్న: "ఏం బాబూ, ఇవాళ కరెంటు పెట్టవా?" కండరాలకి కరెంటు పెట్టే మిషన్ లేని రోజు నేను ఊరికే వచ్చినట్టు లెక్క. కరెంటు నొప్పిని కాస్త తగ్గించచ్చు, కొన్ని కండరాలకి పనికీ రావచ్చు. నిలబడడం మాత్రం నిలబడితేనే వస్తుంది. నేనుండేది గంట. మిగిలిన 23 గంటలూ ఆ ఇంటివే.

డబ్బు సంగతీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకి 2024 నుంచి నెలకి 15 వేలు పింఛను. ఒకటో తారీఖున గుమ్మంలోకే వస్తుంది, మంచి పని. దానితోపాటు ఫిజియోథెరపిస్టు కూడా వస్తే? పక్కనే తమిళనాడు 2021లో 'మక్కళై తేడి మరుత్తువమ్' మొదలుపెట్టి బీపీ, సుగర్ మందులతోపాటు ఫిజియోథెరపీనీ ఇంటికి పంపిస్తోంది. దానికి శ్రీకారం చుట్టింది తెలుగు కుటుంబాలు బోలెడున్న కృష్ణగిరి జిల్లాలోనే. ఇక్కడ మాత్రం అద్దె, మందులు, డైపర్లు పోగా మిగిలినదాంట్లోంచే నా ఫీజు. అందుకని రోజూ వద్దు, వారానికి రెండుసార్లు వస్తాను, మిగతా రోజులు కోడలు చేయిస్తుంది అంటాను.

పెద్దాయనకి అది నచ్చదు. "దాని మాట నేను వినను, నువ్వే రా" అంటాడు. "బాబాయ్, ఆవిడే నాకన్నా బాగా చేయిస్తోంది" అన్నాను మొన్న. నిజమే. లేచి కూర్చోవడం పదిసార్లు చెయ్యమంటే ఏడు చేసి పది అంటాడాయన. నేను మొహమాటానికి ఊరుకుంటాను. ఆవిడ ఊరుకోదు.