జత బీరువాల సొరుగులు

శంషాబాద్‌లో విమానాశ్రయం దారి పక్క వడ్రంగి కొట్లలో రంపాలన్నీ ఇప్పుడు కరెంటువే. అయినా మరమ్మతుకు పాత మహాగని సొరుగుల బీరువాల జత వస్తే మేస్త్రి మిషన్ ఆపి ఉలి, కొయ్యసుత్తి అందుకుంటాడు. ఒక సొరుగు లాగి తిరగేసి చూడండి. ముందు పలక, పక్క పలక కలిసే మూలలో మేకు ఉండదు. మొదట సన్నగా, చివర వెడల్పుగా కోసిన పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎన్నేళ్లు లాగినా పలక ఊడిరాదు. వెంట్రుక దూరే సందు లేకుండా చేత్తో ఆ పళ్లు కోసిన మనిషికి దండం పెట్టాలి. జత చేయడం మరీ కష్టం. ఒకే దుంగలో వరుసగా కోసిన పలకలను పుస్తకం తెరిచినట్టు పరిచి, చారలు ఎదురెదురుగా కుదిరేలా రెండు బీరువాలకూ పంచాలి. మహాగని చెమ్మకు అంతగా ఉబ్బదు, కాబట్టి వానాకాలంలోనూ పట్టుచీర కోసమో పొలం దస్తావేజు కోసమో సొరుగుతో కుస్తీ పట్టనక్కర్లేదు. పురానీ హవేలీలో ఆరో నిజాం రెండంతస్తుల బట్టల బీరువా చూసి నోరెళ్లబెడతాం, పెట్టాల్సిందే. నాకు మాత్రం ఈ సొరుగు బిగువే ఎక్కువ అబ్బురం. ఒకటి మూస్తే లోపలి గాలికి ఇంకోటి రవ్వంత ముందుకొస్తుంది! మేస్త్రి పట్టీలకు కొవ్వొత్తి రుద్ది, పైన లక్క పాలిష్ పలుచగా పూతమీద పూత వేస్తాడు. సొరుగుల అడుగున పెన్సిల్ అంకెలను మాత్రం చెరపడు. ఎందుకంటే 3వ సొరుగు 4వ దాని గూట్లో సరిగా పట్టదు.