తడిసే పక్క, రెండు వరుసల ఏర్పాటు

ఐదేళ్లు దాటిన పిల్లలు నిద్రలో తమకు తెలియకుండా మూత్రం విడవడాన్ని వైద్యులు నాక్టర్నల్ ఎన్యూరెసిస్ అంటారు. రాత్రివేళ మూత్రం తయారీని తగ్గించే వాసోప్రెసిన్ అనే హార్మోను చాలినంత ఊరకపోవడం, మూత్రాశయం వయసుకు తగినంత నిలుపుకోలేకపోవడం, అది నిండినా గాఢనిద్రలోని మెదడు మేలుకోకపోవడం దీనికి ప్రధాన కారణాలు కాగా, తల్లిదండ్రులలో ఒకరికి బాల్యంలో ఇదే ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 40 శాతానికి, ఇద్దరికీ ఉంటే 70 శాతానికి పైగా పెరుగుతుంది. బద్ధకానికీ మొండితనానికీ ఇందులో చోటు లేదు గనుక, వాతలు పెడతామన్న బెదిరింపు పసివారిపై చేసే అన్యాయమే. చికిత్స లేకున్నా ఏటా సుమారు 15 శాతం మంది దీని నుంచి బయటపడతారు. అంటే మిగిలిన కుటుంబాలు మరికొన్నేళ్లు దీనిని భరించవలసి ఉంటుంది. నిద్ర చెడిన తల్లి నోట అర్ధరాత్రి వచ్చే మాటే చాలా ఇళ్లలో పిల్లలకు అసలు శిక్ష అవుతున్నందున, మందుల కంటే ముందు ఆ వేళ పనిని తగ్గించే పక్క ఏర్పాటు కావాలి.

పరుపు మీద మొదట మందుల దుకాణాలలో బాలింతల కోసం అమ్మే రబ్బరు షీటు, దానిపై మడతలు పెట్టిన పాత నూలు చీర, ఆపై దుప్పటి పరిచి, మళ్లీ అదే క్రమంలో రెండో వరుస వేస్తే, తడిసినప్పుడు పై వరుసను మొత్తంగా లాగి బకెట్లో వేయవచ్చు, కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే మూత్రాశయం పట్టవలసిన పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుందన్న వైద్యుల లెక్కన పదేళ్ల పిల్లలకు అది 330. అంత తడిని ఒంటి పొర గుడ్డ ఆపలేదు, సింథటిక్ చీర అసలు పీల్చదు, కనుక నాలుగు మడతల నూలు చీరను చుట్టూ కుట్టిన బొంతే మేలు. షీటు నడుము నుంచి మోకాళ్ల దాకా వస్తే చాలు గాని, అంచులు పరుపు కిందికి బాగా దోపాలి, ఒంటికి తగలకూడదు. తడిసిన గుడ్డలను సబ్బు పెట్టేముందు చన్నీళ్లలో రెండుసార్లు జాడించి ఎండలో ఆరవేస్తే వాసన నిలవదు. ముసురు రోజులకు మూడో వరుస ఉండాలి. రోజూ కొనవలసిన పెద్ద డైపర్లను ప్రయాణాలకూ పెళ్లిళ్లకూ దాచుకోవడం మంచిది.

పక్క తరువాత చూడవలసింది పగలు. మరుగుదొడ్లు బాగాలేని బడిలో పిల్లలు రోజంతా నీళ్లు తాగక, ఇంటికి వచ్చాక దాహం తీర్చుకుంటారు. సాయంత్రం నీళ్లు మాన్పించే ముందు మధ్యాహ్నంలోగా ఎక్కువ భాగం తాగించడం, బడిలో మూత్రానికి వెళ్లే వీలు చూడడం అవసరం. మలబద్ధకం ఉంటే నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది గనుక ఆకుకూరలు, జామ వంటివి పెట్టి దానిని ముందు సరిచేయాలి. అర్ధరాత్రి లేపి తీసుకువెళ్లడం ఆ రాత్రికి పక్కను కాపాడుతుందే తప్ప సొంతంగా మేలుకోవడం నేర్పదు.

ఆ నేర్పును ఇచ్చేది తడి తగలగానే మోగే అలారం. అమెరికాలో మౌరర్ దంపతులు 1938లో వివరించిన ఈ పద్ధతి రెండు మూడు నెలలు ఓపికగా వాడితే సుమారు మూడింట రెండు వంతుల మందికి ఫలిస్తుంది. ఒక బిడ్డకు పని తీరాక మరొకరికి ఇవ్వగలిగిన వస్తువు కనుక బంధువులు కలిసి కొనుక్కోవచ్చు. వాసోప్రెసిన్‌ను పోలిన డెస్మోప్రెసిన్ మాత్ర త్వరగా పనిచేసినా, ఆపాక సమస్య తిరిగిరావడం తరచు. పైగా మాత్రకు గంట ముందు నుంచి తెల్లవారే దాకా నీళ్లు బాగా తగ్గించకపోతే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ రావచ్చు గనుక వైద్యుడు లేకుండా వాడరాదు. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ తడపడం, పగలు కూడా తడిసిపోవడం, మూత్రంలో మంట, పెద్ద గురక కనిపిస్తే పరీక్ష చేయించాలి. విపరీతమైన దాహమూ బరువు తగ్గడమూ తోడైతే మధుమేహం కావచ్చు, ఆ రోజే రక్తంలో చక్కెర చూడాలి.

వసతిగృహాలలో ఇది మరింత కఠినం. తలుపు దగ్గరి పడకను ఆ బిడ్డకు కేటాయించి, ఇతరులు లేవకముందే స్నానానికీ ఉతుక్కోవడానికీ వార్డెను వీలు కల్పిస్తే, చేర్చిన రోజే తల్లిదండ్రులు ఈ సంగతి చెప్పగలుగుతారు, రెండో బొంతను పెట్టెలో పెట్టి పంపగలుగుతారు.