సీతారామారావుకు ఎవరున్నారు?

పోయిన నెల షార్జాలో ఒక ఇంజనీరుగారి ఇంట్లో పదిమందిమి చేరినప్పుడు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ప్రస్తావన వచ్చింది. కాఫీలు పూర్తయ్యేలోగా తీర్పు కూడా అయిపోయింది. “వాడొట్టి చేతగానివాడండీ. ఉన్న ఆస్తి ఊడ్చేసుకున్నాడు, పెళ్లాన్ని ఏడిపించాడు, పోయాడు. ఇందులో విషాదం ఏముంది?” అన్నారు ఇంటి యజమాని. 1953 నాటి దేవదాసు సినిమా ఇప్పటికి ఎన్నిసార్లు చూశారో, చూసినప్పుడల్లా కన్నీళ్లు పెట్టుకునే మనిషి ఆయన. దేవదాసు మాత్రం చేసిన ఘనకార్యం ఏమిటని అడగాలనిపించింది. కాని వారింట భోజనానికి కూర్చోబోతున్నాం గనక ఊరుకున్నాను. అప్పుడు ఊరుకున్న మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను, వైద్యుణ్ణి. పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి. మన్నించకపోతే వచ్చే సంచికలో జవాబు రాయాలి.

చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. సీతారామారావు బాగా ఉన్న ఇంటి బిడ్డ. తండ్రి పోతూ పోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోయాడు. ఆ మాట పట్టుకుని, అడిగినవాడికల్లా ఇస్తూ, గొప్పవాడన్న పేరు కోసం ఆస్తంతా కరగబెట్టాడు. డబ్బున్నన్నాళ్లూ చుట్టూ మూగిన జనం అది పోగానే చెదిరిపోయారు. తరవాత భార్య మీద కోపం, లోకం మీద కోపం, చివరికి తన మీద తనకే కోపం. శ్మశానంలో ఆ జీవయాత్ర ముగుస్తుంది.

1940ల మధ్యలో వచ్చిన ఈ పుస్తకాన్ని తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అంటారు. అతనికి ఉన్నది న్యూనతాభావమని ఆడ్లర్ పేరు చెప్పి విమర్శకులు ఎప్పుడో తేల్చేశారు. కాదనను. కాని మా వృత్తిలో ఒక అనుభవం ఉంది. కేసుషీటు మీద జ్వరం అని రాసినంత మాత్రాన రోగం తెలిసినట్టు కాదు. ఆ జ్వరం ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గటం లేదు అన్నది అసలు ప్రశ్న. సీతారామారావు మనసు ఎందుకు తగ్గుముఖం పట్టలేదు? చుట్టూ మనుషులు లేకనా? భార్య ఉంది. బిడ్డ ఉంది. పనీపాటా చేసుకుంటూ నిబ్బరంగా బతికే రామయ్య తాత ఉన్నాడు. ఒంటరి అనటానికి వీల్లేదు.

నాకు తోచింది ఇది. సీతారామారావుకు ఇవ్వటం ఒక్కటే వచ్చు, పుచ్చుకోవటం రాదు. ఇచ్చేవాడుగా ఉన్నంతకాలం మనుషుల మధ్య ఎలా నిలబడాలో అతనికి తెలుసు. చేతిలో డబ్బు అయిపోయిన రోజు ఏ చుట్టరికంలోనూ అతనికి నిలబడే చోటు లేకుండా పోయింది. భార్య ప్రేమగా చూస్తే జాలి పడుతోందనుకుంటాడు. ఓర్చుకుంటే తనను తక్కువ చేస్తోందనుకుంటాడు. ఎదుటివాళ్ల మంచితనం కూడా అతనికి అవమానమే. రామయ్య తాత నిబ్బరాన్ని అతను భరించలేకపోవటానికి కూడా కారణం ఇదే అనుకుంటాను. తాతకు అతని దగ్గరనుంచి కావలసింది ఏమీ లేదు. ఏమీ అక్కరలేని మనిషితో ఎలా మెలగాలో సీతారామారావుకు ఎవరూ నేర్పలేదు. (తాత ప్రసంగాలు కొన్నిచోట్ల నాకు బరువనిపించాయి. ఆ పేజీల్లో కొన్నయినా భార్యకు ఇచ్చి ఉంటే బాగుండేది. ఆమె మనసులో ఏముందో మనం చాలావరకు అతని అనుమానాల వెనక నుంచే ఊహించుకోవాలి.)

మరి ఇంతమంది బతికున్న మనుషుల్ని కాదని అతను ఎవరితో సంసారం చేసినట్టు? చనిపోయిన తండ్రితో. బతికున్న తండ్రికి ఇచ్చిన మాటైతే, పదేళ్ల తరవాత వెళ్లి, “నాన్నా, నావల్ల కాలేదు” అనవచ్చు. ఆయన నాలుగు తిట్టి, తరవాత అన్నం తినమంటాడు. పోయినవాడికి ఇచ్చిన మాటలో ఆ వెసులుబాటు లేదు. మాట అడిగినవాడు లేడు, దాని నుంచి విడుదల చేసేవాడూ లేడు. పోయినవారి మీద పైకి అనలేని కోపం మనిషి తన మీదకే తిప్పుకుంటాడని ఫ్రాయిడ్ 1917లో శోకం, విషాదరోగాల మీద అచ్చువేసిన వ్యాసంలో రాశాడు. ఈ నవలకు ఆ వ్యాసం సరిపోయినంతగా ఆడ్లర్ సరిపోడేమో. సీతారామారావు ఎన్నో విషయాల మీద వాదిస్తాడు. ఆ తండ్రి కోరిక ఒక్కదాన్ని మాత్రం ఎందుకు అని అడగడు. గోపీచంద్ ఈ పుస్తకాన్ని తన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరిగారికి అంకితమిచ్చాడు, అదీ ఎందుకు అని అడగటం నేర్పినందుకు. రామస్వామిగారు 1943లో పోయారు. తండ్రి పోయిన కొద్ది ఏళ్లలోనే ఒక కొడుకు, తండ్రి మాట కింద నలిగిపోయిన ఇంకో కొడుకు కథ రాశాడు. అంకితం పేజీని నవలలో మొదటి అధ్యాయంగా చదువుకోవాలని నా అభిప్రాయం.

ఇవ్వటమూ పుచ్చుకోవటమూ అనగానే షేక్‌స్పియర్ లియర్ మహారాజు గుర్తుకొస్తాడు. ఆయనా ఉన్నదంతా పంచిపెట్టినవాడే, పొగడ్త కోసమే. నిజం చెప్పిన కెంటును వెళ్లగొట్టాడు, ముద్దుల కూతుర్నీ వెళ్లగొట్టాడు. అయితే కెంటు మారువేషంలో తిరిగొచ్చాడు, విదూషకుడు తుఫానులో కూడా వెంట ఉన్నాడు. మతి పోయాక కార్డీలియా ఎదుట ఆ ముసలాయన తన తప్పు ఒప్పుకోగలిగాడు, క్షమాపణ పుచ్చుకోగలిగాడు. చావు తప్పలేదు గాని, ఆ ఒక్క ఘడియ దక్కింది. సీతారామారావుకు దక్కనిది అదే.

మన భాషలోనే చూడాలంటే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ఉంది. అదీ దాదాపు ఆ కాలంలో రాసిందే. నాయకుడు దయానిధి డాక్టరు గనక నాకు కొంచెం పక్షపాతం ఉండవచ్చు. ఇక్కడ తండ్రి మాట బదులు తల్లి మీద లోకం వేసిన మచ్చ. ఆ నీడ అతను ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది. షేక్‌స్పియర్ మీద పుస్తకం రాసిన బుచ్చిబాబుకు ఇక్కడ హామ్లెట్ మెదలలేదని నేననుకోను. దయానిధి దెబ్బ సీతారామారావు దెబ్బకంటే చిన్నది కాదు. కాని అతనికి అమృతం ఉంది. ఆమె దగ్గర అతను గొప్పవాడుగా ఉండనక్కరలేదు. ఆ బంధం లోకం మెచ్చేది కాదు, నిజమే. అయినా మనిషిని నిలబెట్టే బంధాలు లోకాన్ని అడిగి ఏర్పడవు. దయానిధి నవల చివరిదాకా బతికి, ఏం మిగిలిందని ఆలోచించుకోగలిగాడు.

ఇది కథల్లోనే జరుగుతుందనుకోకండి. లండన్‌లో కేంబర్‌వెల్ అనే పేటలో జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు 458 మంది స్త్రీలను పరిశీలించి 1978లో ఒక పుస్తకం వేశారు. పెద్ద కష్టం వచ్చిన వాళ్లందరూ కుంగిపోలేదు. మనసులో మాట చెప్పుకోవటానికి దగ్గరి మనిషి లేనివాళ్లు ఎక్కువగా కుంగిపోయారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది కాదు లెక్క, చెప్పుకోగలిగే మనిషి ఉన్నారా లేదా అన్నది. నేను ఈ పుస్తకం సంగతి పరీక్ష కోసం బట్టీపట్టాను. అర్థమైంది మాత్రం ఈ ఊళ్లోనే.

మా క్లినిక్‌కు ఒకాయన ఛాతీనొప్పి అని వస్తుండేవాడు. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. మనలాంటివాడే, ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు. భార్యాపిల్లలు ఊళ్లో ఉన్నారు. ఈసీజీ బాగుంది, రక్తపరీక్షలూ బాగున్నాయి. మూడుసార్లు గ్యాసుకు మాత్రలు రాసి, సాయంత్రం నడవండని చెప్పి పంపించాను. నా వెనక ఇంకా ఇరవైమంది కూర్చుని ఉంటారు గదా. నాలుగోసారి వచ్చిన వారంలో, పైన చెప్పిన చర్చ మూలంగా, రాత్రిపూట గోపీచంద్‌ను మళ్లీ చదువుతున్నాను. అందుకే కాబోలు, స్టెతస్కోపు పక్కన పెట్టి, ఇంటికి ఎంత పంపిస్తారని అడిగాను.

చెప్పాడు. పద్నాలుగేళ్లుగా చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఊళ్లో మేడ, బాబాయి కొడుకు చదువు, గుడికి చందా. ఆ నెల ఎవరో రెండు లక్షలు అడిగితే బ్యాంకులో అప్పు తీసి పంపించాడట.

“లేదని చెప్పొచ్చు గదా?”

“దుబాయిలో ఉండి లేదంటాడా అనుకుంటారు సార్. నాన్న పోయేటప్పుడు ఇంటి పేరు పోనివ్వకురా అన్నాడు.”

నాకు ఒళ్లు జలదరించింది. ఊళ్లో వాళ్లంతా మంచివాడంటారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ముఖం కాస్త విప్పారింది. సీతారామారావును చేతగానివాడన్న మనం, మన సెలవు ప్రయాణాలకు సూటుకేసుల్లో ఏమేం సర్దుకుంటామో, ఎవరి కోసం సర్దుకుంటామో ఒక్కసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

“మీ ఆవిడకు ఈ అప్పు సంగతి తెలుసా?” అన్నాను.

“అమ్మో, లేదండీ. ఆమె దృష్టిలో నేను...” అని ఆగిపోయాడు.

ఆ వాక్యం నేను పూర్తి చేయించలేదు. మాత్రలేమీ రాయలేదు. నిద్ర సంగతి, బతుకు మీద విసుగు సంగతి అడగవలసినట్టు అడిగాను, మానసిక వైద్యుడి దగ్గరకు చీటీ రాశాను, మళ్లీ గురువారం రమ్మన్నాను. వెళ్లబోతూ బల్ల మీద ఉన్న పుస్తకం చూసి, “తెలుగు పుస్తకమా? చదివిస్తారా సార్?” అని అడిగాడు. చివరి పేజీలు గుర్తొచ్చి ఇవ్వలేదు. ఇంకొకరికి ఇస్తానని మాటిచ్చానని అబద్ధమాడాను. గురువారం ఫీజు కట్టి, లోపలికి రాకుండా వరండాలోనే ఫోనులో చాలాసేపు మాట్లాడుతూ ఉండిపోయాడు. అవతల భార్య అని తరవాత తెలిసింది. నర్సు వచ్చి పిలవమంటారా అని అడిగితే, వద్దని చెప్పి తరవాతి పేషెంటును రమ్మన్నాను.