ఓజోను: గొడుగా, చెరువా?

ఓజోను పాఠము చెప్పునపుడు దానిని భూమికి పట్టిన గొడుగనియు, ఆ గొడుగునకు చిల్లి పడినదనియు వర్ణించుట మన పాఠశాలలలో ఆనవాయితీ. ఈ ఉపమానమునకు ఒక గుణమున్నది. సూర్యుని అతినీలలోహిత కిరణములను ఓజోను అడ్డగించు సంగతి పిల్లలకు వెంటనే పట్టుబడును. కాని దీనివలన కలుగు అపోహలు ఆ మేలును మించుచున్నవి.

మొదటిది: గొడుగు ఒకసారి చేసిన వస్తువు. ఓజోను అట్టిది కాదు. సూర్యకిరణములు ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా చీల్చును. ఒక్కొక్క పరమాణువు మరియొక ఆక్సిజన్ అణువుతో కూడి, మూడు పరమాణువుల ఓజోను అగును. ఆ ఓజోను అతినీలలోహిత కాంతిని పీల్చి మరల విడిపోవును. ఈ చక్రమును 1930లో చాప్‌మన్ వివరించెను. ఆత్మకూరు విద్యార్థికి చెరువు ఇంతకంటె చక్కని పోలిక. వాగునీరు వచ్చుచు, తూము గుండా పోవుచుండగా మట్టము నిలుచును. నీరు మాత్రము నిన్నటిది కాదు.

రెండవది చిల్లి. ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు పైకి చేరి విడిపోగా వెలువడు క్లోరిన్ ఈ చెరువునకు కొత్త తూము తెరచినది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోను అణువులను నాశనము చేయగలదు. 1987లో హైదరాబాదు నుండి ఎగురవేసిన బెలూను మన నెత్తిమీది పైగాలిని పట్టి తెచ్చి, ఈ వాయువులు అచటికి చేరినట్లు చూపినది. అయినను 1985లో ప్రకటింపబడిన “రంధ్రము” అంటార్కిటికాపై, ముఖ్యముగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఓజోను మిక్కిలి పలుచబడుటయే. మన ఆకాశమునకు చిల్లి లేదు. ఎండవేడి వేరు, అతినీలలోహిత కిరణము వేరు. పాలమూరు ఎండలకు ఆ రంధ్రమే కారణమని వ్రాసిన జవాబునకు మార్కులు వేయరాదు.

మూడవది: గొడుగు ఎప్పుడును మేలే. ఓజోను పైన రక్షకమైనను, నేలమీద ఊపిరితిత్తులకు, పైరులకు హాని చేయును.

చివరిది ముఖ్యమైనది. చినిగిన గొడుగు తనంతట అతుకుకొనదు. కనుక విద్యార్థికి నిరాశయే మిగులును. తూము మూసిన చెరువు మరల నిండును. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక చేసినది అదే. భారతదేశము 1992లో అందు చేరినది. పాత వాయువులు దశాబ్దముల కొలది నిలుచుటచే నిండుట నెమ్మది. అంటార్కిటికాపై 1980 నాటి స్థితి 2066 ప్రాంతమున వచ్చునని 2022 నాటి అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల అంచనా.

ఉపాధ్యాయులు గొడుగును మొదటి వాక్యమునకు ఉంచుకొని, రెండవ వాక్యము నుండి చెరువును చూపుట మేలు.